మిద్దె మీద వేడినీళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం వేడినీళ్ల గురించే ఉంటాయి. ఈసారి తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వచ్చిన వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి రాస్తున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, మిగతావాటికి పునాది అదే కాబట్టి తప్పలేదు.

ప్రశ్న: మేం అయిదుగురం. అత్తమామలు, మా ఇద్దరం, ఇంటర్ చదివే బాబు. రోజూ పొద్దున ఒక్కొక్క బకెట్‌లో కరెంటు రాడ్డు పెట్టి నీళ్లు కాచుకునేసరికి గంటన్నర పడుతోంది, బిల్లు కూడా బాగా వస్తోంది. పాత డ్రమ్ముకు నల్లరంగు వేసి మిద్దె మీద పెడితే చాలు, కొనాల్సిన పనే లేదంటున్నారు మా ఆయన. నిజంగా పనిచేస్తుందా? ఎన్ని లీటర్లది పెట్టాలి?
— ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

అమ్మా, మీ ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను సొంతంగా అనుభవించి తెలుసుకున్నాను కాబట్టి అదే ముందు చెబుతా. చాలా ఏళ్ల కిందట నేనూ అదే చేశాను. రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ము, దానికి మసిలాంటి నల్లరంగు, మిద్దె మీద నాలుగు ఇటుకలు. సాయంత్రం నాలుగింటికి చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా హాయిగా ఉన్నాయి, ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. తెల్లవారి అయిదింటికి అవే నీళ్లు పోసుకుంటే ఒళ్లు జిల్లుమంది. ఆ పొద్దున అప్పుడే మోటారు వేసి పట్టిన బోరు నీళ్లు వాటికంటే వెచ్చగా ఉన్నాయి! భూమి లోపలి నీళ్లు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి, మిద్దె మీద నీళ్లు మాత్రం రాత్రంతా ఆకాశానికి వేడిని ఒలకబోసుకుంటూ చల్లబడతాయి. అందుకే ఖర్చు లేని చిట్కా ఒకటి ముందే చెబుతున్నాను. చలికాలంలో పొద్దున స్నానానికి ట్యాంకులో రాత్రి నిలవున్న నీళ్లు కాకుండా అప్పుడే బోరు నుంచి పట్టినవి కాచుకోండి, రాడ్డు ఆ మేరకు తక్కువసేపు చాలు.

ఆ డ్రమ్ముతో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. మన ఊళ్లో ఎండను పట్టడం పెద్ద పని కాదు, చదరపు మీటరుకు రోజుకు సగటున అయిదు యూనిట్ల దాకా పడుతుంది. పట్టిన వేడిని తెల్లారేదాకా దాచుకోవడమే అసలు పని. డబ్బు, ఓపిక ఎక్కువ పెట్టాల్సింది అక్కడే.

ఇక మీ లెక్క. ఒక యూనిట్ కరెంటు మొత్తం వేడిగా మారితే 86 లీటర్ల నీళ్లను పది డిగ్రీలు వేడెక్కిస్తుంది, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. 22 డిగ్రీలున్న ట్యాంకు నీళ్లను 40 డిగ్రీలకు తేవాలంటే 20 లీటర్ల బకెట్‌కు 0.42 యూనిట్ పడుతుంది. 1500 వాట్ల రాడ్డయితే 17 నిమిషాలు. అయిదు బకెట్లు కాబట్టి గంట ఇరవై అయిదు నిమిషాలు, మీరు చెప్పిన గంటన్నర అలా వచ్చిందే. నెలకు 63 యూనిట్లు. అదే 55 డిగ్రీలకు కాగిన నీళ్లు ఉంటే చన్నీళ్లు కలుపుకుంటాం కాబట్టి మీ అయిదుగురికీ 55 లీటర్లు సరిపోతాయి. 200 లీటర్ల డ్రమ్ము అసలు అక్కర్లేదు. అంత నీటికి అదే ఎండ చాలక గోరువెచ్చగా ఆగిపోతుంది, అదీగాక రెండు వందల కిలోల బరువు మిద్దె మీద ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు.

నన్నడిగితే ఇలా చేయించండి. పాత సామాన్ల కొట్టులో చెడిపోయిన 25 లీటర్ల గీజర్లు దొరుకుతాయి, రెండు తెచ్చి పై డొక్కు, లోపలి పీచు తీసేసి ట్యాంకులు మాత్రమే తీసుకోండి. తుప్పు పట్టి ఉంటే వద్దు, నీళ్లు నింపి రాత్రంతా ఉంచి ఎక్కడైనా చెమ్మ కారుతోందేమో చూడండి. మంచివి దొరక్కపోతే 8 అంగుళాల వ్యాసం, 3 అడుగుల పొడవు ఉన్న స్టీలు గొట్టాలు రెండు చివరలూ మూయించండి. ఒక్కోదాంట్లో 30 లీటర్ల దాకా పడతాయి, సన్నగా ఉంటాయి కాబట్టి ఎండ తగిలే చోటు కూడా ఎక్కువ. మెరుపు లేని నల్లరంగు వేయండి, నిగనిగలాడే రంగు వేస్తే ఎండ కొంత తిరిగి పోతుంది. వాటిని 4 అడుగులకు 3 అడుగుల చెక్క పెట్టెలో పడుకోబెట్టి, అడుగున, పక్కల రెండంగుళాల మందాన రాక్‌వూల్ (వేడిని బయటికి పోనివ్వని రాతి పీచు) పరిచి, పైన అద్దం బిగించండి. పెట్టెను దక్షిణానికి తిప్పి ఏటవాలుగా పెట్టాలి. రాక్‌వూల్ ఖరీదనిపిస్తే బాగా ఎండిన ఊక కూడా మంచిదే. ఊకలో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది, కానీ తడి తగిలిందా అంతే సంగతులు, పైగా ఎలుకలు చేరతాయి, కాబట్టి రేకు పెట్టెలో నొక్కి పోసి మూసెయ్యాలి. థర్మాకోల్ మాత్రం వేడి ట్యాంకుకు ఆనించొద్దు, 80 డిగ్రీలు దాటితే కుంచించుకుపోతుంది.

ఇంకా ముఖ్యమైంది మూత. అద్దం మీద మూసేలా, లోపల రాక్‌వూల్ ఉన్న తలుపు ఒకటి కీలుతో పెట్టించి సాయంత్రం నాలుగున్నరకల్లా మూసెయ్యండి. ఆ తలుపు లేకపోతే నా డ్రమ్ముకూ మీ పెట్టెకూ పెద్ద తేడా ఉండదు. ఇంట్లో ఎవరైనా రాత్రి స్నానం చేసేవాళ్లుంటే ఇంకా మంచిది, వేడి దాచే బాధే ఉండదు. నీళ్లు చల్లటివి కింద నుంచి ఎక్కాలి, వేడివి పై నుంచి తీసుకోవాలి. పైన గాలి పోవడానికి ఒక సన్న గొట్టం తెరిచి ఉండాలి, దాన్ని ఎప్పుడూ మూయొద్దు. పెట్టెను గోడల మీదకో దూలాల మీదకో వచ్చేలా పెట్టండి.

1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ పేటెంట్ తీసుకున్నది కూడా ఇలాంటిదే, చెక్కపెట్టెలో నల్ల ట్యాంకులు, పైన అద్దం. రాత్రికి చల్లబడిపోతున్నాయన్న ఇబ్బందే అప్పుడూ ఉండేది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండ పట్టే పలకను, నీళ్ల ట్యాంకును విడదీసి, ట్యాంకును బాగా కప్పి, ‘పగలూ రాత్రీ’ అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మాడు. ఇవాళ మన మిద్దెల మీద కనిపించేవన్నీ ఆ పద్ధతివే.

ప్రశ్న: సార్, రాగి గొట్టాలతో నేనే ఒక సోలార్ పలక తయారుచేశాను. ట్యాంకు పక్కనే స్టాండు మీద పెట్టాను. మధ్యాహ్నం పలక చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, ట్యాంకులో నీళ్లు మాత్రం అంతంతమాత్రమే. కొద్దిగా వేడెక్కినవి కూడా పొద్దుటికి చల్లారిపోతున్నాయి. మోటారు పెట్టాలా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, కట్టమంచి, చిత్తూరు

మోటారు వద్దు తమ్ముడూ. సొంత చేతులతో చేసినందుకు ముందు నా అభినందనలు. నువ్వు రాసిన రెండు బాధలకూ కారణం నీ ఉత్తరంలోనే ఉంది, ‘ట్యాంకు పక్కనే’ అన్నావు. ఈ పద్ధతిలో నీళ్లు తిరిగేది వేడి నీళ్లు తేలిక, చల్ల నీళ్లు బరువు అన్న ఒక్క కారణంతోనే. పలకలో వేడెక్కినవి పైకి పోవాలంటే ట్యాంకు పైన ఉండాలి. ట్యాంకు అడుగు భాగం పలక పై అంచుకంటే కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. సమానంగా ఉంటే పగలు సరిగా తిరగవు, రాత్రి ఇంకో అన్యాయం జరుగుతుంది. చలికి పలకలో నీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, ట్యాంకులోని వేడినీళ్లు వాటి చోటికి వస్తాయి, అంటే పగలంతా సంపాదించినది రాత్రి పలక బయట పారబోస్తుందన్నమాట. ఆ అడుగు ఎత్తు దీన్ని అడ్డుకుంటుంది.

రెండోది, గాలి బుడగ. పలక నుంచి ట్యాంకుకు పోయే వేడినీళ్ల గొట్టం మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో ఒక్క చోట రెండంగుళాలు వంగినా అక్కడ గాలి కూర్చుంటుంది, నీళ్లు ఆగిపోతాయి. కంటితో చూస్తే తెలియదు. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ ట్యూబ్ తెచ్చి గొట్టం పొడుగునా ప్రతి రెండడుగులకూ చూడు. తర్వాత మిట్టమధ్యాహ్నం చెయ్యితో తాకుతూ పో. పై గొట్టం చురుక్కుమంటూ కింది గొట్టం చల్లగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టే. పై గొట్టం పలక దగ్గర కాలుతూ ట్యాంకు దగ్గర చల్లగా ఉంటే ఆ రెంటి మధ్యే ఎక్కడో గాలి ఉంది.

పలక వాలు గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతున్నాను. చిత్తూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మనకు వేడినీళ్లు కావాల్సింది చలికాలంలో, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి 25 డిగ్రీల దాకా లేపాలి. ఆరడుగుల పలకయితే వెనక అంచు ముందు అంచుకంటే రెండున్నర అడుగులు ఎత్తు, అంతే, కోణమానిని అక్కర్లేదు. మార్కెట్లో ఐఎస్ 12933 అనే భారతీయ ప్రమాణం ప్రకారం వచ్చే పలకల్లో నిలువు గొట్టాలు అరంగుళం, పైనా కిందా అడ్డంగా ఉండేవి అంగుళం సైజువి. నువ్వు అన్నీ అరంగుళానివే వేసి ఉంటే ఆ అడ్డం గొట్టాలు మార్చు. రాగి గొట్టాన్ని జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టానికి నేరుగా కలపొద్దు, జీఐ త్వరగా తుప్పు పట్టిపోతుంది, మధ్యలో ఇత్తడి యూనియన్ (రెండు గొట్టాలను కలిపే జోడు) వెయ్యి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వేలాడుతుంది. వేడిని తట్టుకునే రకమైన సీపీవీసీ వాడొచ్చు కానీ పలకకు ఆనుకుని మొదటి నాలుగైదు అడుగులు లోహమే ఉండాలి, నీళ్లు లేకుండా ఎండితే అక్కడ వంద డిగ్రీలు దాటుతుంది.

ప్రశ్న: సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయలు ఇస్తున్నారట కదా, దాంతో సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోవచ్చా?
— రిటైర్డ్ ఉద్యోగి, రేణిగుంట

రాదండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం కరెంటు తయారుచేసే పలకలకు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తారు. వేడినీళ్ల పలక వేరే వస్తువు. అయితే మీరు ఎలాగూ కరెంటు పలకలు పెట్టించుకోబోతున్నట్టయితే, ఇంట్లో ఇద్దరే ఉన్నట్టయితే, వేడినీళ్లకు విడిగా ఏమీ కొనొద్దు. గీజర్‌ను పొద్దున కాకుండా మధ్యాహ్నం వేసుకోండి, మంచి స్టార్ రేటింగ్ ఉన్న గీజర్ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. గీజర్ మీద నక్షత్రాలు ఇచ్చేదే అందుకు, ఊరికే నిలవ ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటుందన్న దాన్ని బట్టి.

ప్రశ్న: గాజు గొట్టాల సోలార్ పెట్టించి నాలుగేళ్లయింది. మొదట్లో పొగలు కక్కే నీళ్లు వచ్చేవి, ఇప్పుడు సగం కూడా లేదు. బోరు నీళ్లే వాడతాం. బాగుచేయడానికి వచ్చినతను గొట్టాలన్నీ మార్చాలన్నాడు.
— మంగళం, తిరుపతి

అన్నీ మార్చే ముందు మీరే మిద్దెక్కి ఒకసారి చూడండి. గొట్టం అడుగు కొనలో అద్దంలా మెరిసే వెండి మరక ఉంటుంది. అది మెరుస్తుంటే రెండు గాజు పొరల మధ్య శూన్యం భద్రంగా ఉన్నట్టు, ఆ గొట్టానికి ఏ లోటూ లేదు. పాలలా తెల్లబడితే గాలి చొరబడింది, అది ఒక్కటే మార్చాలి. మా వీధిలో ఒకాయనకు ఇలాగే అన్నీ మార్చాలని చెప్పారు, ఇద్దరం వెళ్లి చూస్తే చెడింది ఒక్కటే.

మిగతాది చాలావరకు బోరు నీళ్ల పనే. పాత గిన్నెలో నీళ్లు కాచినప్పుడు అడుగున తెల్లటి పొర పడుతుంది కదా, అదే ట్యాంకులోను, గొట్టాల్లోను పేరుకుంటుంది. నీళ్లు ఎంత వేడెక్కితే అంత ఎక్కువ పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి కొన్ని గంటలు ఉంచి కడిగితే కరుగుతుంది. బాత్రూమ్ యాసిడ్ పొరపాటున కూడా పోయనివ్వొద్దు, స్టీలు ట్యాంకును తినేస్తుంది. కడిగాక నీళ్లు నింపడం సూర్యోదయానికి ముందే. ఖాళీ గొట్టం మధ్యాహ్నం ఎండలో రెండు వందల డిగ్రీల దాకా పోతుంది, అందులో చన్నీళ్లు పడితే పగిలి చేతికొస్తుంది. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉందేమో చూడమనండి. తుప్పు ట్యాంకును వదిలి దాన్ని తింటుంది, అరిగిపోయి ఉంటే కొత్తది వేయించండి. కార్పొరేషన్ కుళాయి నీళ్లు మీకు వస్తుంటే సోలార్‌కు అవి మాత్రమే కలిపించడం అన్నిటికంటే మేలు.

ప్రశ్న: కపిలతీర్థం దగ్గర మా ఇల్లు. కొండ నుంచి కోతులు దిగి గాజు గొట్టాల మీద ఎక్కి గెంతుతున్నాయి, రెండు పగిలాయి.

ఆ ప్రాంతంలో గాజు గొట్టాలది నేను సిఫారసు చేయను. గట్టిపరచిన అద్దమున్న పలక రకం పెట్టించుకోండి, కోతి గెంతినా తట్టుకుంటుంది. ఉన్నదే కొనసాగించాలంటే పైన జానెడు ఎత్తులో పెద్ద కళ్ల ఇనుప వల వేయించండి, ఎండ కాస్త తగ్గినా నష్టం లేదు. స్టాండు కాళ్లు కాంక్రీటులో బోల్టులతో బిగించి ఉన్నాయేమో కూడా చూసుకోండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఇటుకల బరువు మీద ఆధారపడి నిలబెట్టిన స్టాండ్లు చూసి నాకు భయమేసింది.

ప్రశ్న: మాది పలమనేరు. డిసెంబరులో అమ్మాయి పురిటికి వస్తోంది. ఇక్కడ చలి ఎక్కువ. మా అత్తగారు బాలింత గదిలో తలుపులు వేసి బొగ్గుల కుంపటి పెట్టాలంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది. రూమ్ హీటర్ కొనాలా? ఏది కరెంటు తక్కువ తాగుతుంది?

మీ భయం నూటికి నూరుపాళ్లు సరైనదమ్మా. దయచేసి మూసిన గదిలో కుంపటి పెట్టొద్దు. బొగ్గులు ఎర్రగా నిప్పుకలై, పొగ ఒక్క పిసరు కూడా లేకుండా ఉన్నప్పుడే ప్రమాదం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు మోసే చోటును అది రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టేసుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత నిద్రమత్తు వస్తాయి. బాలింతకు నిద్రమత్తు మామూలేనని ఇంట్లోవాళ్లు పట్టించుకోరు, అక్కడే ఘోరం జరిగిపోతుంది. అత్తగారి మాట తీసేసినట్టు కాకుండా చెప్పండి. వాళ్ల కాలంలో పెంకుల సందుల్లోంచి, తలుపు చెక్కల మధ్యలోంచి గాలి ఆడేది. ఇప్పటి స్లాబు గదికి, అల్యూమినియం కిటికీలకు ఆ సందులు లేవు. సాంబ్రాణి వేయాలంటే కిటికీ తెరిచి, క్షణం వేసి, నిప్పులు బయట పెట్టేయండి. స్నానాల గదిలో గ్యాస్ గీజరుంటే దాన్నీ ఇదే కళ్లతో చూడాలి, గాలి వచ్చే దారి లేని చోట అది ఉండకూడదు.

హీటర్ల గురించి. కడ్డీ ఎర్రగా కాలేది, నూనె నింపినది, ఫ్యాను ఉన్నది, ఏదైనా సరే, ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది, ప్రకటనల్లో ఏం చెప్పినా ఇంతకు మించి రాదు. బాలింత గదికి నూనె నింపినదే తీసుకోండి, నిప్పు బయటికి కనిపించదు, గుడ్డ పడితే అంటుకునే భయం తక్కువ. అయినా దాని మీద బట్టలు ఆరేయకూడదు. గదిలో చల్లగా చేసేది, వేడిగా చేసేది రెండూ ఉన్న ఏసీ ఇప్పటికే ఉంటే మాత్రం అదే వాడండి. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి తెస్తుంది కాబట్టి ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది.

నిజానికి పలమనేరు చలికి, రెండు వేల అడుగుల ఎత్తున్నా సరే, రోజంతా హీటర్ నడపాల్సిన అవసరం రాదు. ఇంట్లో ఏ గదికి దక్షిణం వైపు కిటికీ ఉందో చూసి దాన్ని బాలింతకు ఇవ్వండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి పగలు ఆ కిటికీలోంచి ఎండ గదిలోకి వస్తుంది. పదింటికి పరదా తీసి, నాలుగింటికల్లా కిటికీ మూసి మందపాటి దుప్పటి వేలాడదీయండి. తలుపు కింది సందుకు చుట్టిన చీర అడ్డం పెట్టండి. మంచం పరుపు కింద ఒక బొంత పరిస్తే పైన రెండు కప్పుకున్నంత హాయి, ఎందుకంటే చలి సగం కింది నుంచే ఎక్కుతుంది. వేడినీళ్ల సంచీని పక్కలో పెట్టి వెచ్చబడ్డాక తీసేసి అప్పుడు బిడ్డను పడుకోబెట్టాలి, బిడ్డకు ఆనించకూడదు. ఇక అన్నిటికంటే మంచి హీటర్ తల్లి ఒళ్లే. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పైన కప్పే కంగారూ పద్ధతిని డాక్టర్లే చెబుతారు. బిడ్డ పుట్టగానే వేడినీళ్లతో స్నానం చేయించాలన్న తొందర కూడా వద్దు, కనీసం 24 గంటలు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ప్రశ్న: మాది ఇరాల దగ్గర పల్లె. కట్టెల పొయ్యి మీద రాగి అండాలో నీళ్లు కాచుకుంటాం. మామిడి తోట నరికిన కొమ్మలు ఉన్నాయి కాబట్టి కట్టెలకు కొదవ లేదు కానీ, పొగకు మా అమ్మకు దగ్గు తగ్గడం లేదు.
— ఒక రైతు

పచ్చి కట్టె కాలుస్తున్నారేమో చూడండి. అప్పుడే కొట్టిన మామిడి కొమ్మ బరువులో సగం దాకా నీళ్లే, అగ్గి ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది, ఆ చల్లటి మంటే పొగ. ఒక ఏడాది కొమ్మలు వచ్చే ఏడాదికి అని పెట్టుకోండి, వాన తగలని చోట, మణికట్టు మందాన చీల్చి. ఎండిన కట్టెలు రెండు తట్టి చూస్తే ఠంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి పదో వంతు, మహా అయితే ఏడో వంతు అండాలోకి పోతుంది, మిగతాదంతా గాలికే. పక్కల మట్టి గోడ లేపి అండాకూ గోడకూ మధ్య వేలెడు సందు మాత్రమే వదిలితే మంట అండా చుట్టూ పాకుతూ పైకి పోతుంది. అడుగున ఒక ఇనుప జల్లెడ పెట్టి కట్టెలు దాని మీద కాల్చండి, కింద నుంచి గాలి ఆడి మంట తెల్లగా, పొగ లేకుండా వస్తుంది. అండాకు మూత తప్పనిసరి. ఈ మూడింటితోనే కట్టె సగానికి తగ్గిన ఇళ్లు నేను చూశాను. పొయ్యి అమ్మ పడుకునే వైపు కాకుండా గాలివాటం చూసి మార్చండి.

అండా నీళ్లను కూడా ముందుగా ఎండకు పెట్టొచ్చు. సాయంత్రానికి 40 డిగ్రీలైనా అయిన నీళ్లను చల్లారకముందే అండాలో పోసి, ఊక నింపిన గోనెసంచులు చుట్టి మూత వేసి ఉంచితే, పొద్దున రెండు పుల్లలతో పని అయిపోతుంది.

ప్రశ్న: తిరుమలలో సూర్యుడితో అన్నం వండే పెద్ద అద్దాల గొడుగులు చూశాను. అలాంటిది చిన్నది చేసుకుంటే నీళ్లు తొందరగా కాగుతాయి కదా?
— తొమ్మిదో తరగతి, తిరుచానూరు

మంచి ప్రశ్న నాన్నా. అవి 2002లో పెట్టారు, 106 గొడుగులు. సూర్యుడు కదిలేకొద్దీ అవీ తిరుగుతూ ఎండనంతా ఒక చోటికి చేర్చి 180 డిగ్రీల ఆవిరి తయారుచేసేలా, దాంతో వేల మందికి వంట జరిగేలా పెట్టినవి. అన్నం ఉడకాలంటే నీళ్లు దాదాపు వంద డిగ్రీల దగ్గర మరగాలి, అంత వేడి ఆవిరి కోసమే అక్కడ అద్దాలు కావాలి. స్నానానికి మనకు 40 చాలు. దానికి గొడుగు అక్కర్లేదు, మబ్బు పట్టినప్పుడు గొడుగు అసలు పనిచేయదు కూడా, పలక అయితే చెదిరిన వెలుతురును కూడా కొంత పట్టుకుంటుంది. నువ్వొక పని చెయ్యి. ఒకే సైజు సీసాలు మూడు తీసుకో, ఒకటి మామూలుది, ఒకటి నల్లరంగు వేసినది, ఒకటి నల్లరంగు వేసి అద్దం మూతున్న పెట్టెలో పెట్టినది. పొద్దున పదింటి నుంచి గంటకోసారి థర్మామీటరుతో చూసి రాసుకో, సాయంత్రం ఆరు తర్వాత కూడా రాయడం మానకు. అద్దాల గొడుగు జోలికి మాత్రం పెద్దవాళ్లు లేకుండా పోవద్దు, కళ్లు పోతాయి.

ప్రశ్న: కార్తీకంలో నాలుగున్నరకే తలస్నానం చేస్తాం. సరిగ్గా అప్పుడే ముసురు పట్టి మూడు నాలుగు రోజులు ఎండే ఉండదు. సోలార్ ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెట్టించమంటున్నారు, పెట్టించమంటారా?
— భైరాగిపట్టెడ, తిరుపతి

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ బాధ తప్పదు. కాయిల్ ట్యాంకులో పెట్టించొద్దు. పెడితే నాలుగు బకెట్ల కోసం వంద లీటర్లూ కాచాలి, అది నాలుగు యూనిట్ల పని. పైగా రాత్రి ఆపడం మరిచిపోతే పొద్దున ఎండ వచ్చేసరికి ట్యాంకు నిండా కరెంటు వేడే ఉంటుంది, సూర్యుడికి చోటే ఉండదు. స్నానాల గదిలో చిన్న గీజర్ పెట్టి, దాని చన్నీళ్ల వైపు సోలార్ గొట్టం కలిపించండి. సోలార్ నీళ్లు ముసురులో 30 డిగ్రీలే ఉన్నా మిగతా పది డిగ్రీలకే కరెంటు ఖర్చవుతుంది, ఎండ ఉన్న రోజు గీజర్ స్విచ్ జోలికే పోనక్కర్లేదు. అయితే సోలార్ నీళ్లు బాగా కాగిన రోజున 70 డిగ్రీలు కూడా ఉండొచ్చు, ఆ వేడిని గీజర్ తట్టుకుంటుందో లేదో కొనేటప్పుడే అడగండి. చన్నీళ్లు కలుపుకునే మిక్సర్ తప్పకుండా ఉండాలి. ముసలివాళ్లు, పిల్లలు ముందు వేడి కుళాయి తిప్పితే ఒళ్లు కాలుతుంది. ట్యాంకు నుంచి స్నానాల గదిదాకా వచ్చే గొట్టానికి రబ్బరు తొడుగు వేయించడం మరవొద్దు, నాలుగున్నరకు మొదటి బకెట్ చల్లగా రావడానికి కారణం చాలా ఇళ్లలో ఆ ఉత్త గొట్టమే.